పాట వినే చెవికి వారం లెక్క: చెవిలో మోత రాకుండా చూసుకోవడం, వచ్చాక ఏం చేయాలి

కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, సాయంత్రం అదే దారిన ఇల్లు చేరేవాళ్ళలో నేనూ ఏడేళ్ళు ఒకణ్ణి. పోను సుమారు రెండు గంటలు, రాను రెండు గంటలు, వారానికి ఆరు రోజులు. ఆ సమయమంతా చెవుల్లో పాటలే. ఒక దగ్గరి బంధువు పెళ్ళి బరాత్‌లో రాత్రి పన్నెండు దాకా డీజే పెట్టెల పక్కన నడిచి వచ్చిన మర్నాడు, రెండు చెవుల్లోనూ సన్నటి ఈలలాంటి మోత మొదలైంది. రెండు రోజుల్లో పోతుందనుకున్నాను, ఇప్పటికీ పోలేదు. బరాత్ చివరి దెబ్బ మాత్రమేనని, అప్పు అంతకు ముందు ఏడేళ్ళుగా రైల్లోనే పెరుగుతూ వచ్చిందని, వినికిడి పరీక్షలు చేసే నిపుణుడు, అంటే ఆడియాలజిస్ట్, వినికిడి గ్రాఫు ముందు పెట్టి చెప్పినప్పుడు గానీ నాకు తలకెక్కలేదు. పాటలు మానకుండానే ఆ అప్పు చేయకుండా ఉండటం ఎట్లాగో, చేసినవాళ్ళు ఇప్పుడేం చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మోత ఎక్కడ పుడుతుంది

బయట ఏ శబ్దమూ లేకపోయినా చెవిలోనో తలలోనో శబ్దం వినిపించడాన్ని వైద్యులు టిన్నిటస్ అంటారు. మనవాళ్ళు గుయ్యిమంటోంది అంటారు, హోరు అంటారు, కీచురాయి దూరినట్టుంది అంటారు. చెవిలో జోరీగ అన్న మాటకు ఇంతకన్నా సరైన అర్థం మరొకటి ఉండదు. 2022లో వెలువడిన ఒక పెద్ద అధ్యయన సమీక్ష ప్రకారం పెద్దవాళ్ళలో సుమారు 14 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ అనుభవం ఉంది. అది బతుకును బాగా ఇబ్బంది పెట్టే స్థాయికి చేరినవాళ్ళు సుమారు 2 శాతం. అంటే వచ్చిన ప్రతివాళ్ళకూ అది నరకం కాదు, అట్లాగని అరుదైన రోగమూ కాదు.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం ఉంది. ఒక్కో చెవిలో సుమారు 15,000 కేశకణాలు అందులో వరుసలుగా ఉండి, శబ్దపు కదలికను నాడీ సంకేతంగా మారుస్తాయి. పుట్టినప్పుడు వచ్చినవే అవి. మనిషిలో ఒకసారి చచ్చిన కేశకణం మళ్ళీ మొలవదు. పెద్ద శబ్దం గంటల తరబడి తగిలితే ముందు అవి అలసిపోతాయి; అప్పుడు చెవి దిమ్మెక్కినట్టు, దూదిపెట్టినట్టు అనిపిస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అది సర్దుకుంటుంది కాబట్టి మనమూ మరచిపోతాం. అయితే 2009లో కుజావా, లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, వినికిడి పరీక్ష మామూలు స్థితికి వచ్చాక కూడా కేశకణాలకూ నాడికీ మధ్య ఉండే అతుకుల్లో చాలా భాగం శాశ్వతంగా తెగిపోయి ఉండటం కనిపించింది. ఆ నష్టం మనుషుల్లో ఎంత మేరకు ఉంటుందన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉన్నా, మర్నాటికి తగ్గింది కాబట్టి ఏమీ కాలేదన్న ధీమాకు మాత్రం ఆధారం లేకుండా పోయింది.

చెవి నుంచి రావలసిన సంకేతాలు కొన్ని శ్రుతుల దగ్గర తగ్గినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి మెదడు తన వైపు నుంచి వాల్యూమ్ పెంచుతుందని, అప్పుడు పైకి తేలే నాడుల సొంత గుసగుసే మనకు మోతగా వినిపిస్తుందని నేటి పరిశోధకుల్లో ఎక్కువమంది భావిస్తున్నారు. కాబట్టి చెవిలో నూనె పోస్తే తగ్గే వ్యవహారం కాదిది.

మొదటి అడుగు: లెక్క నేర్చుకోవడం

శబ్దం ఎంత పెద్దదో కొలిచే డెసిబెల్ లెక్క కిలోల లెక్కలాంటిది కాదు. ఎనుమాముల మార్కెట్‌లో 80 కిలోల మిర్చి మీద మరో 3 కిలోలు వేస్తే మోసేవాడికి పెద్ద తేడా తెలియదు. 80 డెసిబెల్స్ మీద 3 పెరిగితే మాత్రం చెవిలోకి పోయే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది. 10 పెరిగితే శక్తి పదింతలవుతుంది, కానీ మన చెవికి అది రెండింతల మోతగానే తోస్తుంది. మోసమంతా ఇక్కడే ఉంది. చెవి తనకు తగులుతున్న దెబ్బను తక్కువ చేసి చెబుతుంది కాబట్టి, ‘నాకేం ఎక్కువ అనిపించడం లేదు’ అన్న మాటను కొలతగా తీసుకోవడానికి వీల్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి పెట్టిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు హద్దు. పిల్లలకైతే అది 75 దగ్గర 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కు గంటలు సగమవుతాయి. అంటే 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5, 92 దగ్గర రెండున్నర. 100 దగ్గరికి వచ్చేసరికి వారం మొత్తానికీ మిగిలేది 20–25 నిమిషాలు.

ఇప్పుడు నా రైలు లెక్క చూడండి. రోజుకు నాలుగు గంటల చొప్పున ఆరు రోజులకు 24 గంటలు. 80 దగ్గర విని ఉంటే నా వాటాలో 60 శాతమే ఖర్చయ్యేది, ఆదివారం సినిమాకు కూడా మిగిలేది. 83 దగ్గర హద్దు కొంచెం దాటేది. రైలు చప్పుడు వినిపించకుండా ఉండాలని నేను పెట్టుకున్న వాల్యూమ్ 89 అనుకుంటే, ప్రతి వారం నా వాటాకు దాదాపు అయిదు రెట్లు ఖర్చు చేశాను. మీరు కూడా కాగితం తీసుకుని ఇట్లా మీ వారం రాసుకోండి: బస్సులో ఎన్ని గంటలు, వ్యాయామశాలలో ఎన్ని, రాత్రి పడుకునే ముందు ఎన్ని. సిరిసిల్ల మగ్గాల షెడ్లలోనో, రైస్ మిల్లులోనో, బొగ్గు గనిలోనో పనిచేసేవాళ్ళు ఆ గంటలు ముందు రాయాలి. వాళ్ళ వాటా పాట మొదలుకాకముందే చాలావరకు అయిపోయి ఉంటుంది. ఈ మాట వాళ్ళకు అన్యాయంగా తోస్తుందని తెలుసు, కానీ మగ్గం మోతనూ పాట మోతనూ వేరు చేసి చూడటం కేశకణానికి తెలియదు.

కొలిచే పరికరం లేనివాళ్ళకు ఒక నాటు కొలత ఉంది. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వస్తే, అక్కడి చప్పుడు సుమారు 85కు చేరినట్టే. ఐఫోన్ ఉన్నవాళ్ళకు అమెరికాకు చెందిన నియోష్ సంస్థ తయారుచేసిన ఉచిత శబ్దమాపక యాప్ దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌లో యాప్‌లు చాలానే ఉన్నా, ఒక్కో ఫోన్ మైకు ఒక్కో రకంగా చూపుతుంది కాబట్టి వాటిని సుమారు అంచనాకే వాడాలి.

రెండో అడుగు: వాల్యూమ్‌ను కాదు, చుట్టూ ఉన్న చప్పుడును తగ్గించడం

వాల్యూమ్ ఎంత పెట్టాలో నిర్ణయించేది పాట కాదు, మన చుట్టూ ఉన్న రొద. నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది ఇదే. నిశ్శబ్దమైన గదిలో సగం దగ్గర హాయిగా వినిపించే పాట, హన్మకొండ నుంచి కరీంనగర్ పోయే పల్లెవెలుగు బస్సులో, కిటికీలు తెరిచి ఉండగా, అదే సగం దగ్గర పలచగా తోస్తుంది. చేయి తనంతట తాను పైకి జరుపుతుంది. బస్సు దిగి ఇంటికొచ్చాక అదే వాల్యూమ్‌తో మళ్ళీ పాట పెడితే ఉలిక్కిపడతాం. ఆ ఉలికిపాటే అసలు కొలత. ప్రయాణంలో విన్నదంతా ఆ మోతేనని గుర్తించాలి.

అందుకే ప్రయాణంలో వినేవాళ్ళు ముందుగా చెవిని బయటి చప్పుడుకు మూసే పరికరం ఎంచుకోవాలి. పాత రకపు గట్టి ప్లాస్టిక్ ఇయర్‌ఫోన్ చెవి ముందు ఊరికే వేలాడుతుంది, బయటి రొదనంతా లోపలికి వదులుతుంది. రబ్బరు మూత ఉండి చెవి రంధ్రంలో సరిగా ఇమిడేది అంతకన్నా మేలు. పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద అని మూడు రకాల మూతలు ఇస్తారు; చాలామంది వచ్చినదాన్నే వాడి మిగతావి పారేస్తారు. మూడూ పెట్టి చూడండి, రెండు చెవులకు రెండు కొలతలు పట్టినా ఆశ్చర్యం లేదు. సరిగా ఇమిడితే మీ మాట మీకే బుంగలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. స్థోమత ఉంటే బయటి శబ్దాన్ని రద్దు చేసే నాయిస్ క్యాన్సిలింగ్ రకం కొనుక్కోవడం దండుగ ఖర్చు కాదని నా అభిప్రాయం. ఇంజను, పట్టాలు, ఏసీ లాంటి ఎడతెగని మంద్ర శబ్దాలను అది బాగా కోస్తుంది. పక్క సీటువాళ్ళ మాటలను అంతగా కోయలేదు. అయితే దాన్ని కొని కూడా పాత అలవాటు కొద్దీ వాల్యూమ్ పైనే ఉంచేవాళ్ళను చూశాను. పరికరం మన చెవిని కాపాడదు, వాల్యూమ్ తగ్గించుకునే వీలు మాత్రమే కల్పిస్తుంది. బండి నడిపేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు, పట్టాల పక్కన నడిచేటప్పుడు వీటిని తీసి జేబులో పెట్టాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

మూడో అడుగు: ఫోన్‌లో హద్దు గీయడం

గదిలో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, మీకు నచ్చిన పాట పెట్టి, సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పోయి, మాటలన్నీ స్పష్టంగా వినిపించే చోట ఆపండి. పై నుంచి తగ్గిస్తూ వస్తే చెవి మోసం చేస్తుంది, కింది నుంచే పెంచాలి. చాలామందికి అది గరిష్ఠంలో 60 శాతం లోపే ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా అదే. అక్కడే తాళం వేయండి.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, సౌండ్స్ అండ్ హాప్టిక్స్, హెడ్‌ఫోన్ సేఫ్టీ అన్న వరుసలో పోతే రిడ్యూస్ లౌడ్ ఆడియో అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి 80కి గానీ 75కి గానీ దించవచ్చు. సామ్‌సంగ్‌లో సౌండ్స్ అండ్ వైబ్రేషన్ కింద వాల్యూమ్‌లోకి పోతే మీడియా వాల్యూమ్ లిమిట్ ఉంటుంది, దానికి పిన్ కూడా పెట్టుకోవచ్చు. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ఇళ్ళలో ఆ పిన్ తప్పనిసరి. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో పేర్లు మారవచ్చు, సెట్టింగ్స్‌లో వాల్యూమ్ అని వెతికితే దొరుకుతుంది. పెద్ద శబ్దం చెవికి హాని అని ఫోన్ అడ్డుపడి అడిగే హెచ్చరికను చూడకుండా సరే నొక్కేయడం మనందరికీ అలవాటే; ఆ హెచ్చరిక వచ్చిన చోటే మీ హద్దు అనుకుంటే సగం పని అయినట్టే.

గంటకోసారి అయిదు పది నిమిషాలు చెవులకు విరామం ఇవ్వండి. పాటలు వింటూ నిద్రపోయే అలవాటున్నవాళ్ళు అరగంటకు ఆగిపోయేలా టైమర్ పెట్టుకోవాలి, లేకపోతే నిద్రలో గడిచిన ఆరు గంటలు కూడా ఖాతాలో పడతాయి.

నాలుగో అడుగు: బరాత్, జాతర, నిమజ్జనం

ఇయర్‌ఫోన్ గురించి ఇంత చెప్పినా, మా వైపు కుర్రవాళ్ళ చెవులకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ డీజే దగ్గరే తగులుతుందని నేను నమ్ముతున్నాను. డీసీఎం మీద పేర్చిన పెట్టెల ముందు 100 డెసిబెల్స్ దాటడం మామూలు సంగతి. సంగీత వేదికల్లో పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. అది కూడా శ్రోతలకు చెవి రక్షణలు, ప్రశాంతంగా కూర్చునే చోటు అందుబాటులో ఉంచాలన్న షరతులతో. బరాత్‌లో ఆ రెండూ ఎవరు పెడతారు? పెట్టెకు రెండు మీటర్ల దూరంలో 106 ఉందనుకుందాం. వారం మొత్తం వాటా అక్కడ ఆరు నిమిషాల్లో అయిపోతుంది, అంటే రెండు పాటలు పూర్తికాకముందే.

దీనికి ఖర్చులేని మందు దూరం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. రెండు మీటర్ల దగ్గర 106 ఉన్నది నాలుగు మీటర్ల దగ్గర 100, ఎనిమిది దగ్గర 94, పదహారు దగ్గర 88 అవుతుంది. ఆరు నిమిషాల వాటా పదహారు మీటర్ల దగ్గర ఆరు గంటలకు పెరుగుతుంది. ఇరవై అంగలు వెనక్కి వేసినందుకు పెళ్ళికొడుకు ఏమీ అనుకోడు. అయితే ఇరుకు గల్లీల్లో రెండు వైపులా గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి, అక్కడ దూరం ఇంతగా పనిచేయదు. ఊరేగింపు గల్లీలోకి మళ్ళినప్పుడు వెనకబడి, కూడలిలో మళ్ళీ కలుసుకోవడం మంచిది. పెట్టెలకు ఎదురుగా కాక వెనకగా ఉంటే సన్నటి శ్రుతుల దెబ్బ తగ్గుతుంది. గుండెల్లో గుద్దే మంద్ర శబ్దం మాత్రం అన్ని వైపులా పోతుంది.

ఒగ్గుడోలు, డప్పు గురించి ఒక మాట. ఐనవోలు మల్లన్న జాతరలో డోలు దగ్గరగా మోగితే అది కూడా తక్కువేమీ కాదు, వాయించేవాళ్ళ చెవులకు రక్షణ నిజంగా కావాలి. కానీ డోలుకు ఊపిరి పీల్చుకునే సందులున్నాయి. వాయించే చేయి అలసిపోతుంది, కథ చెప్పడానికి ఆగుతుంది. జనరేటర్‌కు అలసట లేదు. మేడారం జాతరకు పోయేవాళ్ళు నాలుగు రోజుల జనసందోహంతో పాటు, దారి పొడవునా బండ్లలో మోగే పాటల గంటలను కూడా లెక్కలో వేసుకోవాలి. ఇక బతుకమ్మ చప్పట్ల మీద, గొంతుల మీద నడిచే ఆట. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర పెట్టెల మోతలో పక్కావిడ పాట కూడా వినబడని స్థితి వచ్చిందంటే, చెవి సంగతి అట్లా ఉంచి ఆటకే అది నష్టమని మా అమ్మ అంటుంది.

చంకలో పసిపిల్లతో పెట్టెల ముందు నిలబడే తల్లిదండ్రులను ప్రతి నిమజ్జనంలోనూ చూస్తాం. పిల్లల హద్దు పెద్దవాళ్ళ కన్నా తక్కువ, పైగా నొప్పిగా ఉందని చెప్పే మాట వాళ్ళకు ఇంకా రాదు. పసివాళ్ళను ఇంటి దగ్గరే ఉంచాలి. తేక తప్పకపోతే పిల్లల కొలతలో దొరికే, తలమీదుగా పెట్టే చెవి కప్పులు వాడాలి. నురగ ప్లగ్గులు పసిపిల్లలకు పనికిరావు, ఊడితే మింగే ప్రమాదం ఉంది.

ఇంటిముందు మోగేది మన అదుపులో లేనప్పుడు చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. 112కు ఫోన్ చేసే ముందు, పక్కింటివాళ్ళను పెద్దమనిషి ద్వారా అడిగించడమే మా వాడలో ఎక్కువ పనిచేసింది.

అయిదో అడుగు: ఇయర్ ప్లగ్ సరిగా పెట్టుకోవడం

దూది పెట్టుకున్నాం కదా అంటారు. పొడి దూది అడ్డుకునేది చాలా స్వల్పం, అది రక్షణ ఉందన్న భ్రమను మాత్రం పూర్తిగా కలిగిస్తుంది. మెత్తటి నురగతో చేసిన ప్లగ్గులు మందుల దుకాణాల్లో, పరిశ్రమల భద్రతా సామగ్రి అమ్మే చోట్ల, ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతాయి. డబ్బా మీద 30 చుట్టుపక్కల అంకె రాసి ఉండవచ్చు, కానీ అది ప్రయోగశాల లెక్క. మామూలు మనిషి చెవిలో అందులో సగం దక్కితే బాగా పెట్టుకున్నట్టే. ఆ సగమైనా 15 డెసిబెల్స్ తగ్గించిందంటే గంటలు ముప్పై రెట్లు పెరిగినట్టు.

పెట్టుకునే తీరు ఇది. చేతులు కడుక్కుని, ప్లగ్గును రెండు వేళ్ళ మధ్య ముడతలు పడకుండా వత్తివలె సన్నగా నలపాలి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల మీదుగా చాచి చెవి పైభాగాన్ని పైకి, కొంచెం వెనక్కి లాగితే, వంకరగా ఉండే చెవి మార్గం తిన్నగా అవుతుంది. అప్పుడు నలిపిన ప్లగ్గును లోపలికి నెట్టి, అది ఉబ్బి మార్గాన్ని నింపేదాకా అరనిమిషం వేలితో పట్టి ఉంచాలి. సరిగా కూర్చున్నాక రెండు అరచేతులతో చెవులు మూసినా తెరిచినా వినిపించే దాంట్లో పెద్ద తేడా ఉండకూడదు. తేడా ఉంటే తీసి మళ్ళీ పెట్టాలి. సగం బయటికి వేలాడే ప్లగ్గు పెట్టుకున్నట్టే కాదు. తీసేటప్పుడు ఒక్కసారిగా గుంజకుండా మెల్లగా తిప్పుతూ తీయాలి.

నురగ ప్లగ్గు సన్నటి శ్రుతులను ఎక్కువగా కోస్తుంది కాబట్టి పాట దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. పాడేవాళ్ళకు, వాయించేవాళ్ళకు, డీజే నడిపేవాళ్ళకు అది నచ్చదు. వాళ్ళ కోసం అన్ని శ్రుతులనూ దాదాపు సమానంగా తగ్గించే ఫిల్టరు ఉన్న సంగీతకారుల ప్లగ్గులు ఉన్నాయి. ఆడియాలజిస్ట్ దగ్గర చెవి అచ్చు తీయించి చేయించుకుంటే 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లలో కావలసినది వేయించుకోవచ్చు. వారానికి నాలుగు పెళ్ళిళ్ళు చేసే డీజే కుర్రవాడికి పెట్టెల కన్నా ముందు కొనవలసిన సామాను ఇదే.

ఆరో అడుగు: మోత మొదలైన రాత్రి

చెవి దిమ్మెక్కినట్టు ఉండి మోత వినిపిస్తే ఆ క్షణమే అక్కణ్ణుంచి బయటికి రావాలి. ఇంకో రెండు పాటలయ్యాక పోదాం అనుకున్నది నేను చేసిన తప్పు. తరవాత రెండు మూడు రోజులు ఇయర్‌ఫోన్లు, యంత్రాల మోత, హారన్ల రద్దీ మానాలి. చెవిలో వేడి నూనె, వెల్లుల్లి రసం పోయకూడదు; కర్ణభేరికి చిల్లు ఉంటే అది కొత్త రోగం తెస్తుంది. అగ్గిపుల్లలు, పిన్నీసులు, బండి తాళాలు చెవిలో తిప్పడం గులిమిని ఇంకా లోపలికి నెడుతుంది. ఆ రాత్రి పూర్తి నిశ్శబ్దంలో పడుకోకుండా ఫ్యాన్ పెట్టుకోండి, మోత దాంట్లో కలిసి కొంత తగ్గినట్టు ఉంటుంది.

రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. కొన్ని లక్షణాలకు మాత్రం అంతదాకా ఆగకూడదు. ఒక చెవిలో ఉన్నట్టుండి వినికిడి తగ్గితే, నిద్రలేచేసరికి తగ్గి ఉన్నా సరే, అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స ఎంత తొందరగా మొదలుపెడితే అంత ఫలితం, వారాలు గడిచాక ప్రయోజనం తగ్గిపోతుంది. గులిమి అనుకుని చుక్కల మందు వేసుకుంటూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. మోతతో పాటు తల తిరగడం, ముఖంలో ఒక వైపు బలహీనత, చెవి నుంచి రక్తం లేదా చీము ఉన్నా వెంటనే పోవాలి. ఒకే చెవిలో మోత ఆగకుండా ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపిస్తున్నా కారణం వేరే ఉండవచ్చు కాబట్టి స్కానింగ్ అవసరమా అని డాక్టరును అడగాలి.

ఏడో అడుగు: పరీక్షకు పోయినప్పుడు

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. హైదరాబాద్ కోఠిలో చెవి, ముక్కు, గొంతు కోసమే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పోయేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకుపోండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజక్షన్లు, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, మలేరియాకు ఇచ్చే క్వినైన్ చెవి మీద ప్రభావం చూపగలవు. ఊళ్ళో ఏ ఇంజక్షన్ వేశారో పేరు తెలియకుండా వేయించుకునే అలవాటున్నచోట ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. డాక్టరు చెప్పకుండా ఏ మందూ మీ అంతట మీరు ఆపవద్దు కూడా.

డాక్టరు ముందు గులిమి, కర్ణభేరి చూస్తారు. గులిమి అడ్డుపడి మోత వచ్చిందని తేలితే మీరు అదృష్టవంతులు, తీయించుకుని ఇంటికి పోవచ్చు. తరవాత శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ చేస్తారు. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో శ్రుతిని వినిపించి, అతి చిన్నగా ఎంత దాకా వింటున్నారో గ్రాఫు మీద గుర్తు పెడతారు. పెద్ద శబ్దాల వల్ల పాడైన చెవి గ్రాఫులో 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల గుంట పడుతుంది, ఆ తరవాత 8000 దగ్గర మళ్ళీ కొంచెం లేస్తుంది. నా గ్రాఫులో ఉన్నది ఆ గుంటే. ఆ శ్రుతుల్లోనే స, శ, ఫ లాంటి హల్లుల జీవం ఉంటుంది కాబట్టి, అచ్చులు వినిపిస్తూనే మాట జారిపోతుంది. ‘సరే’ అన్నారా ‘అరే’ అన్నారా అని తడబడుతుంటే, టీవీ శబ్దం పెంచమని ఇంట్లో మీరొక్కరే అడుగుతుంటే, మోత లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించుకోండి. గ్రాఫు కాగితం పారేయవద్దు; ఏడాది తరవాత చేయించే పరీక్షను దానితోనే పోల్చాలి.

ఎనిమిదో అడుగు: పోని మోతతో

టిన్నిటస్‌ను పోగొట్టే మాత్ర ఇప్పటిదాకా లేదు. జింకో బిలోబా అనే చెట్టు ఆకుల మందు, జింకు లాంటి వాటిని ఇందుకోసం వాడవద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. మూడు నెలల కోర్సు అని వేలకు వేలు అడిగేవాళ్ళు కనిపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి. అదే మార్గదర్శకాలు సమర్థించిన వాటిలో ముఖ్యమైనవి రెండు: వినికిడి తగ్గి ఉంటే వినికిడి యంత్రం, మోత వల్ల కలిగే ఆందోళనకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల చికిత్స. యంత్రం పెట్టుకుంటే బయటి శబ్దాలు తిరిగి అంది, మెదడు తన వాల్యూమ్ పెంచుకోవలసిన అవసరం తగ్గుతుంది. మాటల చికిత్స మోతను తీసేయదు, దాని మీద మనకున్న భయాన్ని తగ్గిస్తుంది. నిద్ర పట్టక, బతకాలని లేదన్నంత దిగులు వస్తే 14416కు ఫోన్ చేయవచ్చు. అది టెలి మానస్ అనే ఉచిత ప్రభుత్వ సేవ, తెలుగులో మాట్లాడతారు.

రోజువారీగా పనికొచ్చేది సన్నటి నేపథ్య శబ్దం. మా వైపు ఎండాకాలంలో కూలర్ రాత్రంతా తిరుగుతుంది కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా నాకు మోత ఉందన్న సంగతే గుర్తుండదు. కూలర్ మూలకు చేర్చి ఫ్యాన్ కూడా ఆపేసే డిసెంబరు రాత్రుల్లో అది తలెత్తుతుంది. అప్పుడు వాన చప్పుడు రికార్డింగును మంచం పక్కన స్పీకర్లో చిన్నగా పెట్టుకుంటాను. దాన్ని మోత పూర్తిగా మునిగిపోయేంత పెద్దగా పెట్టకూడదు. మోత కొంచెం వినిపిస్తూ ఉంటేనే మెదడు దానికి అలవాటు పడి పక్కన పెట్టడం నేర్చుకుంటుంది.

మరో జాగ్రత్త. భయంతో రోజంతా ప్లగ్గులు పెట్టుకు తిరిగేవాళ్ళు ఉంటారు, నేనూ ఒక నెల అట్లా తిరిగాను. మామూలు శబ్దాలు కూడా అందకపోతే మెదడు ఇంకా చెవి రిక్కించి, మోతను మరింత పెంచుతుంది; చివరికి స్టీలు పళ్ళెం కింద పడితేనే బాధ కలిగే స్థితి వస్తుంది. ప్లగ్గు బరాత్‌కు, మిల్లుకు, జనరేటర్ పక్కకు. వంటింటికి, బజారుకు కాదు. ఇప్పుడు నేను రైల్లో పోయేటప్పుడు చెవిలో ఇమిడే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, 75 దగ్గర తాళం వేసిన ఫోన్‌తో వెళ్ళేటప్పుడు మాత్రమే పాటలు వింటాను; వచ్చేటప్పుడు ఘన్‌పూర్ దాటేదాకా నిద్రపోతాను.